మొదటి ముడి

ఖలీల్‌వాడిలో ఒక మందుల దుకాణం పైన విష్ణు ఆఫీసు. ఒకటే గది, రెండు కంప్యూటర్లు, మూడు కుర్చీలు. బయట బోర్డు మీద డిజిటల్ మార్కెటింగ్ అని ఉంటుంది. లోపల ఎడమవైపు గోడ నిండా పసుపురంగు చీటీలు అంటించి ఉండేవి. ఒక్కో చీటీ మీద ఒక్కో ఐడియా. నేను చేరిన రోజు లెక్కపెడితే నలభై ఆరు ఉన్నాయి. ఫ్యాన్ వేస్తే అన్నీ ఒకేసారి రెపరెపలాడేవి.

"ఐడియానే ఆస్తి సారూ," అనేవాడు విష్ణు. "మిగతాదంత ఎవలన్న చేస్తరు."

నా పని తెలుగు వాక్యాలు రాసి పెట్టడం. అంతకు ముందు ఇరవై ఎనిమిదేళ్లు బోధన్ చక్కెర ఫ్యాక్టరీ ల్యాబులో చెరుకు రసం చిక్కదనం కొలిచాను. ఫ్యాక్టరీ మూతపడ్డాక నిజామాబాద్ వచ్చి ఒక ప్రైవేటు బడిలో సైన్సు చెప్పాను. నాలుగేళ్ల కిందట నా భార్య మేరీ పోయింది. ఆ తర్వాత ఇంట్లో మధ్యాహ్నాలు చాలా పొడుగ్గా అనిపించేవి. అందుకే విష్ణు పిలవగానే వెళ్లాను. మేరీకి ఒక అలవాటు ఉండేది. ఏ గుడ్డనైనా, ఆఖరికి కిరాణా సంచినైనా, నాలుగు మడతలు వేసి కొసను లోపలికి దోపేది. బీరువాలో ఆమె మడతపెట్టినవి కొన్ని ఇప్పటికీ విప్పకుండా ఉంచాను.

విష్ణు మేనమామ బాపురావుకు ఎడపల్లి దాటాక చెరుకు తోట, దాని పక్కనే బెల్లం గానుగ ఉన్నాయి. ఆ బెల్లాన్ని ఫోన్ల ద్వారా అమ్మాలన్నది విష్ణు ఆలోచన. గానుగకు అసలు యజమాని బాపురావు తల్లి హన్మవ్వ. డెబ్భై ఎనిమిదేళ్ల మనిషి. మరిగే పాకాన్ని గరిటెతో తీసి చన్నీళ్ల గిన్నెలో వేసి, వేళ్లతో నలిపి, "ఇగ దింపుండ్రి" అనేది. ల్యాబులో మేము థర్మామీటరుతో చూసేదాన్ని ఆమె వేళ్లు చూసేవి.

నలభై ఏడో ఐడియా నిజంగా మంచిది. ఎవరైనా వాట్సాప్‌లో ఆర్డర్ పెట్టగానే హన్మవ్వ గొంతే జవాబివ్వాలి. ఒకసారి రికార్డు చేసి పెడితే చాలు, వచ్చిన ప్రతి మెసేజీకి దానంతటదే వెళ్తుంది. వాక్యాలు నేను రాశాను. గానుగ దగ్గర పాకం కాచే పెద్ద పెనం పక్కన ఆమెను పీట మీద కూర్చోబెట్టి, విష్ణు ఫోన్ నోటి దగ్గర పెట్టాడు.

"ఎవలకు చెప్పాలె?" అంది హన్మవ్వ.

"అందరికి అమ్మమ్మా. ఎవలు ఆర్డర్ పెడితే వాళ్లకు."

"అందరంటే ఎవలురా? మొఖం తెల్వనోళ్లకు మాటెట్లిస్తరు? ఒక్క పేరు చెప్పు."

"సరే, కలెక్టర్ సారుకు చెప్పు."

"ఆయనకు షుగరున్నదో ఏమో. వద్దు."

అందరూ నవ్వారు. పొద్దు ఎక్కుతోంది, పాకం పొంగుతోంది, ఆమె మాత్రం నోరు విప్పదు. నేనే అన్నాను: "మేరీకి అనుకొని చెప్పవ్వా."

"ఎవలామె?"

"మా ఇంటామె."

"బెల్లం తింటదా?"

"మస్తు ఇష్టం."

ఇష్టంగా ఉండేది అనాల్సింది. నోరు రాలేదు. హన్మవ్వ నా మొఖంలోకి ఒకసారి చూసి, ఫోన్ వైపు తిరిగి, ఎదురుగా మనిషి కూర్చున్నట్టే చెప్పింది: "బిడ్డా, నీ మాట ముట్టింది. రేపు పొద్దుగాల నా చేత్తోని కట్టి పంపుత. పైలం."

పైలమని జాగ్రత్త చెప్పి లేచింది. "రేపన్న. రేపు పంపాలె మరి."

"పంపుతం అమ్మమ్మా," అన్నాడు విష్ణు, అప్పటికే ఫోన్‌లోకి చూస్తూ.

ఆమె పాకం నలుపుతుండగా విష్ణు తీసి పెట్టిన వీడియోను వారంలో నాలుగు లక్షల మంది చూశారు. ఆర్డర్లు వచ్చాయి. బాల్కొండ నుంచి, ధర్పల్లి నుంచి, హైదరాబాద్ నుంచి, నాందేడ్ నుంచి కూడా. ప్రతి ఒక్కరికీ రెండు సెకన్లలో హన్మవ్వ గొంతు వెళ్లింది. విష్ణు ఆ వారమంతా కుర్చీలో కుదురుగా కూర్చోలేదు. గోడ మీద ఇంకో తొమ్మిది చీటీలు చేరాయి. అవ్వ బొమ్మతో డబ్బా ఉండాలన్నాడు. డబ్బా డిజైన్ ఏడుసార్లు మారింది. అది తేలేదాకా పంపడం ఆగింది. మేనల్లుడు టౌన్‌లో ప్యాకింగ్ చేయిస్తున్నాడని బాపురావు అనుకున్నాడు. మామ చేతికందిన సంచుల్లో పంపేస్తున్నాడని విష్ణు అనుకున్నాడు. నేను వాక్యాలు రాసే మనిషిని, అది నా పని కాదనుకున్నాను.

హన్మవ్వ మాత్రం రోజూ సాయంత్రం కోడలు భాగ్యలక్ష్మిని అడిగేదట: "ఇయ్యాల ఎంతమందికి చెప్పిన?" ఆమె ఫోన్ చూసి సంఖ్య చెప్పేది. తర్వాత అవ్వ కొడుకును అడిగేది: "పంపినరా?"

"పంపినం అవ్వా," అనేవాడు బాపురావు. ఆయన అబద్ధం చెప్పలేదు. నిజంగానే అలా అనుకున్నాడు.

మాఘమాసంలో ఒక బుధవారం మధ్యాహ్నం, పెనం పక్కన అదే పీట మీద, గోడకు ఆనుకుని హన్మవ్వ పోయింది. చూసినవాళ్లు కునుకు తీస్తుందనుకున్నారు. చెయ్యి ఇంకా చన్నీళ్ల గిన్నెలోనే ఉంది.

మూడో రోజు పిట్టకు పెట్టారు. పోయినవాళ్లకు ఇష్టమైనవి వండి ఆకులో పెడితే కాకి వచ్చి ముట్టాలి. ముట్టకపోతే పోయిన మనిషి మనసు ఇంకా ఇక్కడే దేనిలోనో చిక్కుకుని ఉందని వాళ్ల నమ్మకం. నేను మెథడిస్టు చర్చికి వెళ్లేవాణ్ని. అయినా ఆమె కోసం వెళ్లి వాగు ఒడ్డున నిలబడ్డాను. అన్నం, కోడికూర, గుడ్డు, ఆమె చేతి బెల్లం ముక్క. కాకి ఒకటి వచ్చి మోటారు కొట్టం మీద వాలింది. ఆకు వైపు చూసింది. కదలలేదు.

గంట గడిచింది. ఇలాంటప్పుడు పోయినవాళ్లకు ఏదో ఒక మాట ఇవ్వడం ఆనవాయితీ. బాపురావు చేతులు జోడించాడు. "అవ్వా, గానుగ బంద్ పెట్టను." కాకి కదలలేదు.

"నీ బర్రెను అమ్మం అత్తమ్మా," అంది భాగ్యలక్ష్మి.

"అమ్మమ్మా, నీ పేరు మీద పెద్ద బ్రాండ్ చేస్త," అన్నాడు విష్ణు. కాకి నిదానంగా అటు తిరిగి కూర్చుంది.

"నీ మాట ఇననే ఇనది పో," అంది పక్కింటి ముత్తవ్వ. ఎవరో కిసుక్కుమన్నారు.

వాగు దగ్గర అంతసేపూ లేని సిగ్నల్ అప్పుడే వచ్చినట్టుంది, ముత్తవ్వ చీర కొంగులో ఉన్న ఫోన్ మోగింది. ఆమె దాన్ని బయటికి తీసి ఎక్కడో నొక్కింది. వాగు ఒడ్డంతా వినిపించింది:

"బిడ్డా, నీ మాట ముట్టింది. రేపు పొద్దుగాల నా చేత్తోని కట్టి పంపుత. పైలం."

ముత్తవ్వ చేతిలోంచి ఫోన్ జారి ఇసుకలో పడింది. "నేనేమీ అడగలే," అంది. "చనిపోయింది గదాని దండం పెట్టే బొమ్మ పంపిన. గంతే."

వెనకాల ఇంకొకరి ఫోన్‌లో అదే గొంతు. కొద్దిసేపటికి చెరుకు గట్టు మీద నిలబడ్డవాళ్ల దగ్గర ఇంకోటి. రెండు రోజులుగా ఊళ్లోవాళ్లు, చుట్టాలు, ముక్కూ మొహం తెలియనివాళ్లు ఆర్డర్ల వాట్సాప్ నంబరుకు సంతాపం పంపుతూనే ఉన్నారు. ప్రతి సంతాపానికీ ఆమే జవాబిస్తోంది. రేపు పంపుత. రేపు పంపుత. ఒక ఫోన్‌లో ముగిసేలోపు మరో ఫోన్‌లో మొదలవుతోంది.

విష్ణు గబగబా ఆ జవాబును ఆపేశాడు. కాకి లేచి వెళ్లిపోయింది. పొద్దు వాలేదాకా చూసి, ఆకును ఆవుకు పెట్టారు.

ఇంటికి తిరిగి వచ్చాక బాపురావు విష్ణును ఒక్కటే అడిగాడు. "అల్లుడా, గా బెల్లం పోయిందా లేదా?"

"నువ్వు పంపలేదా మామా?"

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. తర్వాత ఇద్దరూ నా వైపు చూశారు. బాపురావు గోడకు జారబడి కూర్చుండిపోయాడు. "మా అవ్వ పుట్టినకాంచి ఒక్క మాట తప్పలే. పదో రోజు గూడ పిట్ట ముట్టకపోతె నేనేం మొఖం పెట్టుకొని బతకాలె?"

మరునాడు పొద్దున ఆఫీసులో కూర్చుని పేర్లన్నీ రాశాను. ఆమె పోయేనాటికి నూట అరవై మూడు మంది. పోయాక సంతాపం పంపినవాళ్లు ముప్పై ఒకరు. మొత్తం నూట తొంభై నాలుగు. ఒక్కరి దగ్గరికి కూడా ఒక్క ముక్క చేరలేదు. మెసేజీలు చదువుతుంటే కళ్లు తడిశాయి. తిట్టినవాళ్లు తక్కువే. "పర్వాలేదవ్వా, నీకు చేతనైనప్పుడే పంపు" అని రాసినవాళ్లే ఎక్కువ. తెలియని మనుషులు ఇంత ఓపిక పడతారని నేను అనుకోలేదు.

ఆ మధ్యాహ్నమే గానుగకు వెళ్లాను. భాగ్యలక్ష్మి బెల్లం కొట్టు తాళం తీసింది. లోపల ఒక మూల, ఉతికిన తెల్లగుడ్డ ముక్కల్లో కట్టిన పదకొండు బెల్లం ముద్దలు వరుసగా ఉన్నాయి. హన్మవ్వ ఎవరికీ చెప్పకుండా తన మాట ప్రకారం తనే కట్టడం మొదలుపెట్టింది. పైన మేకుకు ఒక జనపనార తాడు వేలాడుతోంది, ముడులు ముడులుగా.

"రోజూ నేను ఎంతమందంటే అత్తమ్మ అన్ని ముడులేస్తుండె," అంది భాగ్యలక్ష్మి. "మర్చిపోవద్దని."

తాడు దించి లెక్కపెట్టాను. నూట అరవై మూడు దగ్గర ఆగాలి. ఆగలేదు. చివరిదాకా లెక్కపెడితే నూట తొంభై ఐదు వచ్చాయి. రెండోసారి లెక్కపెట్టాను. నూట తొంభై ఐదే.

"ఆమె పోయినంక దీన్నెవరన్న ముట్టిండ్రామ్మా?"

"తాళంచెవి నా మెడలనే ఉన్నది సారూ. నేనైతె ముట్టలే."

తాడును మళ్లీ మేకుకు తగిలించాను. ఎందుకో చేతులు తుడుచుకోవాలనిపించింది. ల్యాబులో ఇరవై ఎనిమిదేళ్లు పనిచేసినవాణ్ని. లెక్క తప్పితే మళ్లీ తూచడమే నాకు తెలుసు. ముప్పై ఒకటి ఎలా కలిశాయో తెలియలేదు. పైన మిగిలిన ఆ ఒక్కటి నా పొరపాటే అనుకున్నాను.

విష్ణుకు ఫోన్ చేసి చెప్పాను. "సంతాపం పెట్టినోళ్లకు గూడ పంపాలె."

"వాళ్లు ఆర్డర్ పెట్టలే గద సారూ."

"ఆమె మాటైతే ముట్టింది గద."

విష్ణు అన్నాడు: "ఐడియా నాది. మాట ఆమెది. పనెవలది సారూ?"

అక్కడే అసలు చిక్కు వచ్చింది. బాపురావుకు పదిరోజుల మైల. ఆ ఇంటివాళ్లు పొయ్యి ముట్టించకూడదు, నలుగురు తినే వస్తువును చేత్తో తాకకూడదు. కూతురి కొడుకుగా విష్ణు మైల మూడు రోజులతో తీరిపోయింది. నాకు ఆ ఆచారమే లేదు. అంటే మిగిలింది ఐడియాలు చెప్పేవాడు, వాక్యాలు రాసేవాడు.

ఐదో రోజు పొద్దున్నే పొయ్యి వెలిగించాం. కూలీలు గానుగ ఆడారు. పిప్పి మంట ఎగదోయడం విష్ణు పని. బాపురావు దూరంగా వేపచెట్టు కింద కూర్చుని కేకలు వేస్తున్నాడు. "ఇంకింత మండని! గా నురగ తీయుండ్రి! సారూ, గరిట అట్ల కాదు!" మొదటి పెనం పాడైంది. చల్లారినా గట్టిపడలేదు, జిగటగా పాకంలాగే ఉండిపోయింది. విష్ణు అక్కడే నేల మీద కూలబడ్డాడు. చేతులు బొబ్బలెక్కాయి.

"గన్ని ఐడియాల్ల ఇది లేకపాయె అల్లుడా," అన్నాడు బాపురావు. చాలా రోజుల తర్వాత ఆయన నవ్వడం అదే.

మరునాడు నేను పాత థర్మామీటరు తెచ్చాను. నూట పద్దెనిమిది డిగ్రీల దగ్గర దింపాం. దింపేముందు విష్ణు చన్నీళ్ల గిన్నెలో పాకం వేసి నలిపాడు. ఉండ కట్టింది. వాడు ఆ ఉండను అరచేతిలో పెట్టుకుని చాలాసేపు చూశాడు. వేళ్లు కాలినట్టు కూడా తెలియలేదు వాడికి.

రెండు పెనాలు, రెండు రోజులు. గుడ్డల్లో కట్టడం ఇంకో పూట. డబ్బాలు లేవు. పాత అట్టలు మడిచి పురికొస కట్టాం. చిరునామాలు రాయడానికి కాగితం అయిపోతే విష్ణు టౌన్‌కు వెళ్లి, గోడ మీద చీటీలన్నీ పీకి తెచ్చాడు. వెనకవైపు చిరునామా రాసి, ఐడియా ఉన్న వైపు జిగురు పూసి అంటించాం. బోధన్ పోస్టాఫీసులో కౌంటర్ మూసే వేళకు మేము ఇంకా సగంలోనే ఉన్నాం. అక్కడి గుమాస్తా రామ్‌దాస్ మా చేతుల వైపు చూసి, మూయబోయిన కిటికీని మళ్లీ తెరిచాడు.

చుట్టుపక్కల ఊళ్లకు విష్ణు బైకు మీద మేమే వెళ్లాం. మాక్లూర్‌లో వసంతమ్మ అనే ముసలామె తలుపు తీసింది. కళ్లు సరిగ్గా కనపడవు. కట్టను చేతుల్లో పెడితే గుడ్డ తడిమి, వాసన చూసింది.

"హన్మవ్వనే పంపిందా?"

"ఆమెనే పంపింది అవ్వా," అన్నాడు విష్ణు.

"నాకు ఎరికే. నిన్న పొద్దుమీకి గూడ చెప్పింది గద, పంపుత అని."

మేము జవాబు ఆపేసి ఐదు రోజులైంది. విష్ణు నా చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. ఆమె తలగడ కింది నుంచి ఫోన్ తీసి, వేలితో వెతికి నొక్కింది. నెల కిందటి రికార్డే. ఇంట్లో ఒక్కతే ఉంటుంది. రోజూ పొద్దుగూకాక ఒకసారి పెట్టుకుని వింటుందట. "పైలం అంటది సూడు. నన్ను పైలమనేటోళ్లు ఇంకెవలున్నరు?" అంది.

పదో రోజు. నూట తొంభై నాలుగు కట్టలూ పోయాయి. హన్మవ్వ కట్టిన పదకొండూ ముందుగా అడిగిన పదకొండు మందికి పంపాం. ముత్తవ్వకు ఆమె ఇంటికే వెళ్లి చేతికిచ్చాం. వాగు ఒడ్డున ఆకు వేశారు. అదే కాకో, ఇంకోటో, మోటారు కొట్టం మీదికి వచ్చింది. ఈసారి కిందికి దిగింది. ఆకు చుట్టూ ఒకసారి నడిచింది. ముక్కు వంచి, మళ్లీ ఎత్తి, నేరుగా నా వైపు చూసింది. తర్వాత రెండు గెంతులు వెనక్కి వేసి కూర్చుంది.

బాపురావు ఇసుకలో మోకాళ్ల మీద పడ్డాడు. "అందరికి పంపినమే అవ్వా! ఇంకెవలున్నరే?"

నాకు తాడు గుర్తొచ్చింది. భాగ్యలక్ష్మిని పక్కకు పిలిచి మెల్లగా అడిగాను. "ముడులల్ల ఒకటి ఎక్కువున్నదమ్మా. అదెవలది?"

ఆమె ఆశ్చర్యంగా చూసింది. "మొదటి ముడి మీ ఇంటామెది గద సారూ. గొంతు రికార్డు చేసిన దినమే ఏసింది. పంపినరా అని అడిగినప్పుడల్ల మేరమ్మది పోయిందా అని ఆమె పేరే ముందు తీస్తుండె. మీరు తీస్కపోయే ఉంటరనుకున్నం."

ఆ మాట నూట తొంభై నాలుగు మందికీ వెళ్లింది కాని, హన్మవ్వ నిజంగా చెప్పింది ఒక్క మేరీకే. చెప్పించింది నేను. అప్పుడే ఒక్క ముక్క సరిదిద్ది ఉంటే సరిపోయేది. సరిదిద్దలేదు.

"మా మేరీ లేదమ్మా," అన్నాను. "నాలుగేండ్లాయె."

భాగ్యలక్ష్మి కొట్టు తాళంచెవి మెడలోంచి తీసి విష్ణుకు ఇచ్చింది. "అడుగున ఒక ముద్ద మిగిలింది. సారును బండి మీద తీస్కపో."

ఫ్యాక్టరీ క్వార్టర్లలో ఉన్నన్నాళ్లు మా చర్చి బోధన్‌లోనే. అందుకే మేరీని అక్కడి సమాధుల తోటలోనే పెట్టాం. కొట్టులో విష్ణు గుడ్డ పరిచాడు, ముద్దను నేను కట్టాను. ఆ ఒక్కటీ నా చేతులతోనే. బైకు మీద పావుగంట. దారిలో ఫ్యాక్టరీ పొగగొట్టం ఖాళీ ఆకాశంలో మాతోపాటు కదులుతున్నట్టు కనిపించింది. తోటలో ఎవరూ లేరు. పాస్టరుగారు చూస్తే ఏమంటారోనని ఒక్క క్షణం అనిపించింది. రాతి మీద కట్టను పెట్టి, "హన్మవ్వ పంపింది," అన్నాను. ఇంకేమీ తోచలేదు. గాలి లేదు. ఎండుటాకు కూడా కదలలేదు. అయినా నా పక్కన ఎవరో ఇప్పుడే కూర్చున్నట్టు గడ్డి మెల్లగా చప్పుడు చేసింది. నేను తిరిగి చూడలేదు.

వాగు దగ్గరికి తిరిగి వచ్చేసరికి ఆకు ఖాళీగా ఉంది. బాపురావు ఏడుస్తూ అన్నం కలుపుతున్నాడు.

"మీరు పోయిన అర్ధగంటకు ముట్టింది సారూ," అంది ముత్తవ్వ. "గుడ్డు గూడ ఇడువలే."

విష్ణు ఇప్పుడు గోడకు చీటీలు అంటించడు. అక్కడ మేకుకు ఆ తాడు వేలాడుతుంది. ఆర్డర్ రాగానే ముడి వేస్తాడు, కట్ట పోస్టులో పడ్డాక విప్పుతాడు. జవాబు తనే, తన గొంతుతో, పేరు పెట్టి పిలిచి చెబుతాడు. పనికి వేళ చాలక కొత్త ఐడియాలు తక్కువయ్యాయి.

ఆ వచ్చిన ఆదివారం చర్చి అయ్యాక సమాధుల తోటకు వెళ్లాను. బెల్లం లేదు. చీమలు తిన్నాయో, కోతులు ఎత్తుకుపోయాయో తెలియదు. రాతి మీద గుడ్డ మాత్రం ఉంది. నాలుగు మడతలు వేసి, కొస లోపలికి దోపి ఉంది.

గేటు దగ్గర కావలి మనిషి బీడీ కాలుస్తున్నాడు. అడిగితే ఏదో ఒకటి చెప్పేవాడే. నేను అడగలేదు. గుడ్డను విప్పకుండా జేబులో పెట్టుకుని బస్టాండు వైపు నడిచాను.